లాల్‌బాగ్‌లో చెట్ల డ్రాయింగ్ క్లాసు: వెళ్లండి, ప్రింట్ల సంగతే బాగోలేదు

బెంగళూరు లాల్‌బాగ్‌లో ఆదివారం పొద్దున్న జరిగే చెట్ల డ్రాయింగ్ క్లాసుకు వెళ్లొచ్చాను. ఫీజు 900 రూపాయలు, పార్కు టికెట్ వేరే. మందపాటి కాగితాలు, 2బీ, 6బీ పెన్సిళ్లు వాళ్లే ఇస్తారు. చాప మనమే తెచ్చుకోవాలి.

చెట్టు బొమ్మ నేర్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఈ మాస్టారు మాత్రం పెన్సిల్ పట్టించే ముందు గంటసేపు పాత బొమ్మలు చూపిస్తారు. నాకు బాగా నచ్చింది ఆ గంటే. జర్మన్ చిత్రకారుడు ఫ్రీడ్రిష్ 1822లో వేసిన ఒంటరి చెట్టుతో మొదలుపెట్టారు. మైదానం మధ్య ముసలి ఓక్ చెట్టు. కింది కొమ్మలు పచ్చగా ఉన్నాయి, తల ఎండి విరిగింది. మొదలుకు ఆనుకుని గొర్రెల కాపరి. ఓక్ అంటే జర్మన్లకు తాతలనాటి కాలం, గాలివానకు కూలని బలం. ఎప్పుడూ పచ్చగా ఉండే ఫర్ చెట్టు క్రైస్తవ విశ్వాసానికి గుర్తు. ఆయనదే 1814 నాటి ఇంకో బొమ్మలో ఫర్ అడవి ముందు ఫ్రెంచి సైనికుడొక్కడే నిలబడి ఉంటాడు, మొద్దు మీద బొంతకాకి. నెపోలియన్‌ను తరిమిన రోజులవి. ఆ బొమ్మలో అడవే జర్మన్ దేశం.

"దసరాకు జమ్మి చెట్టు చూస్తే పాండవుల కథ మనకెవరైనా చెప్పాలా? వాళ్లకూ అంతేనమ్మా" అన్నారు మాస్టారు.

ఇంగ్లండు చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ దారి వేరు. 1821 ప్రాంతంలో ఆయన వేసిన ఎల్మ్ అనే చెట్టు బొమ్మలో చెట్టు తల కూడా కనిపించదు. బెరడు, దాని పగుళ్లు, వెనక గడ్డి మీద ఎండ. ఒక మనిషి ముఖం వేసినంత శ్రద్ధగా వేశాడు.

తర్వాత పెద్ద బూరుగు చెట్టు ముందు కూర్చోబెట్టారు. ఆకుల జోలికి పోవద్దు, వేరు మానులో కలిసే మడత ఒక్కటే గీయమన్నారు. ఫ్రీడ్రిష్ కూడా బయట పెన్సిల్‌తో చెట్లు గీసుకుని, వాటినే తర్వాత రంగుల బొమ్మల్లో వాడుకునేవాడట. ఆ మడత దగ్గర నీడ మూడు రకాలుగా ఉంది, బెరడు అంచున ఎర్రమట్టి అంటుకుని ఉంది. గంట ఎలా గడిచిందో తెలియలేదు.

లోపం చెప్పాలి. పంచిన ప్రింట్లు నల్లటి జిరాక్సులు. ఎండిన కొమ్మకూ పచ్చి కొమ్మకూ తేడా తెలియకపోతే ఆ పాఠమంతా వృథా. ఫోన్‌లో బొమ్మలు ముందే దించుకుని వెళ్లండి. మాస్టారు ఒక్కరే కావడంతో వెనక కూర్చున్నవాళ్ల దగ్గరికి ఆలస్యంగా వస్తారు, ముందు వరుసలో చాప వేసుకోండి. తెలుగులో అడిగితే తెలుగులోనే చెబుతారు. పదేళ్లలోపు పిల్లలు మొదటి గంట కూర్చోలేరు, పెద్దపిల్లలైతే తీసుకెళ్లండి.