బైక్ ఇంజిన్‌తో రెండేళ్లు, మాజ్దా 1.6తో ఏడేళ్లు: ఇంట్లో కట్టిన స్పోర్ట్స్ కారు

నా కారు మొదట 455 కిలోలుండేది. ఇప్పుడు 560. ఆ నూట అయిదు కిలోలు ఎందుకు పెరిగాయో, పెరిగినా నేనెందుకు బాధపడటం లేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కారు లోటస్ సెవెన్ బాణీలో కట్టింది. 1957లో వచ్చిన ఆ కారును 1973 నుంచి కేటర్‌హామ్ వాళ్లు తయారు చేస్తున్నారు. దాన్ని చూసి ఇంట్లో కట్టుకున్నవాళ్లకైతే లెక్కే లేదు. చదరపు స్టీలు గొట్టాలు కోసి, వెల్డ్ చేసిన ఫ్రేము. ముందు ఇంజిన్, వెనక చక్రాలకు డ్రైవ్, రెండు సీట్లు. తలుపుల్లేవు, పైకప్పు లేదు. ఫ్రేముకి పద్నాలుగు నెలలు పట్టింది. ఇంజిన్ ఏది పెట్టాలన్న ఆలోచనకి అంతకంటే ఎక్కువే పట్టింది. అంత ఆలోచించి కూడా మొదటిసారి పొరపాటే చేశాను.

మొదట పెట్టింది 1000 సీసీ, నాలుగు సిలిండర్ల స్పోర్ట్స్ బైక్ ఇంజిన్. ఏ కంపెనీదో చెప్పను, జరిగినదాంట్లో దాని తప్పేమీ లేదు. కాగితం మీద దానికి తిరుగు లేదు. గేర్‌బాక్స్ అందులోనే ఉంటుంది, రెండూ కలిపి 65 కిలోల చుట్టుపక్కల. ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఫ్రేములోకి దించేశాం. 140 హార్స్‌పవర్ అంటే, టన్నుకి లెక్క వేస్తే మూడు వందలు దాటుతుంది. పదకొండు వేల ఆర్‌పీఎం దాకా గొంతు చించుకుని అరుస్తుంది. లివర్ వెనక్కి లాగితే పై గేరు, ముందుకు నెడితే కింది గేరు. వేగం మీద ఉన్నప్పుడు పై గేరుకి క్లచ్ కూడా తొక్కక్కర్లేదు. మొదటి నెలంతా నవ్వుతూనే నడిపాను.

నవ్వు ట్రాఫిక్‌లో ఆగింది. బైక్ ఇంజిన్‌కి ఫ్లైవీల్ (తిరుగుడు ఆగకుండా నిలబెట్టే చక్రం) బరువు దాదాపు ఉండదు. కారును కదిలించాలంటే నాలుగైదు వేల ఆర్‌పీఎం దగ్గర క్లచ్‌ను సగం పట్టి ఉంచాలి, లేదంటే ఠక్కున ఆగిపోతుంది. ఆ క్లచ్‌ని ఒక బైకునీ, దానిమీద మనిషినీ లాగడానికి చేశారు. నేను ఇద్దరు మనుషులతో దాదాపు ఆరు వందల కిలోలు లాగిస్తున్నాను. ఎత్తు మీద సిగ్నల్ పడితే చాలు, టెన్షన్. రెండేళ్లలో క్లచ్ ప్లేట్లు మూడుసార్లు మార్చాను.

రివర్స్ సంగతి ఇంకో కథ. బైకుకి రివర్స్ గేరెందుకుంటుంది? వెనక చక్రాలకు శక్తిని మోసే ప్రొపెల్లర్ షాఫ్ట్ మధ్యలో రివర్స్ బాక్స్ పెట్టుకోవచ్చు, లేదా ఒక ఎలక్ట్రిక్ మోటారుతో వెనక్కి తిప్పే ఏర్పాటు చేసుకోవచ్చు. బరువు పెరుగుతుందని నేను రెండూ వద్దనుకున్నాను. దాంతో రెండేళ్లపాటు మా కారుకి రివర్స్ గేరు మా ఆవిడే. పార్కింగ్‌లో దిగి ముక్కు మీద రెండు చేతులూ ఆనించి వెనక్కి నెట్టేది. "కారు కట్టింది నువ్వు, తోసేది నేనా?" అని ఒకసారి అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

దూరప్రయాణాల్లో ఆరో గేరులో వంద కిలోమీటర్ల వేగానికే ఇంజిన్ 6,000 ఆర్‌పీఎం దాటి తిరిగేది. గంట నడిపి దిగితే ఇంకో గంటసేపు చెవుల్లో అదే రొద.

ఇవన్నీ భరించాను. ఇంజిన్ పోయింది మాత్రం ఆయిల్ దగ్గర. బైకు మలుపులో వంగుతుంది. వంగిన బైకులో ఉన్న ఆయిల్‌కి తాను పక్కకి పోతున్నట్టే తెలియదు, సంప్ (ఇంజిన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగునే నిలుస్తుంది. అదే ఇంజిన్ కారులో పెడితే కారు వంగదు కాబట్టి మలుపులో ఆయిల్ అంతా ఒక గోడకి ఎగబాకుతుంది. ఆయిల్ పీల్చే పిక్‌అప్ గొట్టం నోటికి గాలి తగులుతుంది. పంపు గాలి పీలుస్తుంది, ప్రెషర్ పడిపోతుంది, కనెక్టింగ్ రాడ్ బేరింగులు ఎండిపోతాయి. దీనికి మందు అందరికీ తెలిసిందే: సంప్‌ను లోతు తగ్గించి లోపల ఆయిల్‌ను అడ్డుకునే బాఫిల్ ప్లేట్లు పెట్టాలి, లేదా ఆయిల్‌ను బయట ట్యాంకులో ఉంచే డ్రై సంప్ పెట్టాలి. నాకూ తెలుసు. "ముందు నడిపి చూద్దాం, తర్వాత పెడదాం" అనుకున్నాను. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు.

ఒక ట్రాక్ మీద పొడుగాటి కుడి మలుపులో ఆయిల్ లైటు వెలిగి ఆరింది. వైరింగ్ నేనే చేశాను కాబట్టి వైరు వదులైందనుకున్నాను. (సొంత వైరింగ్ మీద అంత నమ్మకం.) తర్వాతి చుట్టులో కొంచెంసేపు వెలిగింది. మూడో చుట్టులో లైటుతో పాటు కింద నుంచి టకటకమని చప్పుడొచ్చింది. విప్పి చూస్తే రెండో రాడ్ బేరింగ్ రేకులా నలిగిపోయి ఉంది, క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీద వేలితో తడిమితే తెలిసేంత గాట్లు.

రెండో ఇంజిన్ వెతికేటప్పుడు హార్స్‌పవర్ కాలమ్ చూడటం మానేశాను. ఇంజిన్ ఎంచుకోవడం సంబంధం కలుపుకోవడం లాంటిది, వెనక చుట్టాలంతా వస్తారు: గేర్‌బాక్స్, సంప్, వైరింగ్, ఎగ్జాస్ట్ ఏ వైపు వస్తుంది, స్టీరింగ్ కాలమ్‌కి తగులుతుందా, బానెట్ మూత పడుతుందా. ఆ చుట్టాలతో పడాల్సింది మనం.

ఆ కళ్లతో చూస్తే చాలా పేర్లు వాటంతటవే తప్పుకున్నాయి. ఫోర్డ్ కెంట్ క్రాస్‌ఫ్లో ఇలాంటి కార్లకి తాతల నాటి ఇంజిన్, కార్బురేటర్‌తో వైరింగ్ బాధే ఉండదు, కానీ పుష్‌రాడ్ల (పొడుగు కడ్డీలతో వాల్వులు తెరిచే పాత పద్ధతి) ఇంజిన్‌లో గట్టిగా పవర్ కావాలంటే రీబిల్డుల మీద రీబిల్డులు. టొయోటా 4ఏ-జీఈ నాకు చాలా ఇష్టం. 1587 సీసీ, పదహారు వాల్వులు, తిరగడానికే పుట్టింది. మంచి కండిషన్‌లో నాకు దొరకలేదు. రోవర్ కె సిరీస్ పూర్తిగా అల్యూమినియం, తేలిక, 1996 నాటి లోటస్ ఎలీజ్‌లో ఉన్నది అదే. కానీ హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ పై భాగమైన హెడ్‌కీ మధ్య సీలు) పోతుందన్న చెడ్డ పేరు దానికుంది, నాకప్పటికే ఇంజిన్ విప్పే సరదా తీరిపోయింది. ఫోర్డ్ డ్యూరాటెక్ రెండు లీటర్లది ఈ రోజు కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి బహుశా సరైన జవాబు: అల్యూమినియం బ్లాక్, టైమింగ్ చైన్, కేటర్‌హామ్ కూడా వాడింది. ఇక పాత హోండా బి సిరీస్ ఇంజిన్లు చాలా కార్ల ఇంజిన్లకు ఎదురు దిక్కులో తిరుగుతాయి. వాటిని నిలువుగా, అంటే కారు పొడవునా, తిప్పి మామూలు రియర్ వీల్ డ్రైవ్ గేర్‌బాక్స్‌కి కలిపితే కారు ముందుకి ఒక్క గేరు, వెనక్కి అయిదు గేర్లతో పోతుంది! వాటిని వాటి గేర్‌బాక్స్‌తో సహా సీట్ల వెనక పెట్టేవాళ్లకి ఆ బాధ లేదు.

చివరికి మాజ్దా ఎంఎక్స్-5 మొదటి తరంలోని 1.6 బి6 ఇంజిన్ పెట్టాను. 1597 సీసీ, 115 హార్స్‌పవర్, 5,500 ఆర్‌పీఎం దగ్గర 135 న్యూటన్ మీటర్లు. ఇనుప బ్లాక్, అందుకే బరువు. ఏ అంకె చూసినా ఎవరూ కన్ను పెద్దది చెయ్యరు. నేను తీసుకున్నది అంకెల కోసం కాదు. ఒకే పాత కారులో ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్ (వెనక రెండు చక్రాలకు శక్తిని పంచేది), డ్రైవ్ షాఫ్టులు, వైరింగ్ అన్నీ ఒకదానికోసం ఒకటి పుట్టినవి వచ్చేశాయి. ఇంజిన్ నిలువుగా కూర్చునేలా చేసిందే, గేర్‌బాక్స్ వెనక చక్రాలకు చేసిందే. అడాప్టర్ ప్లేట్లు లేవు. రివర్స్ గేరు ఉంది. మా ఆవిడ మొదటిసారి దాన్ని వేసి చూసి చప్పట్లు కొట్టింది.

అంత సజావుగా ఏమీ సాగలేదు లెండి. ఎంఎక్స్-5లో గేర్‌బాక్స్‌నీ డిఫరెన్షియల్‌నీ కలుపుతూ ఒక పొడుగాటి అల్యూమినియం దూలం ఉంటుంది. గేర్‌బాక్స్ తోక దానిమీదే ఆధారపడుతుంది, విడిగా మౌంట్ ఉండదు. సెవెన్ లాంటి కారులో సీట్ల మధ్యనుండే సన్నటి టన్నెల్‌లో ఆ దూలం పట్టదు. తీసేస్తే గేర్‌బాక్స్ తోకకి ఒక మౌంట్, డిఫ్ ముక్కు పైకి లేవకుండా ఇంకో బ్రాకెట్ సొంతంగా చేసుకోవాలి. నా మొదటి బ్రాకెట్ సన్నది, ఆరు నెలలకే వెల్డ్ దగ్గర పగిలింది. రెండోది మందం రెట్టింపు చేశాను, ఇప్పటికీ అదే ఉంది.

కూలింగ్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే తేలిక కారు కట్టే ప్రతివాడూ ఇక్కడే నాలాగా తెలివి ఉపయోగిస్తాడు. ఈ ఇంజిన్ కుటుంబం అడ్డంగా పెట్టే ముందు చక్రాల డ్రైవ్ కార్ల నుంచి వచ్చింది. ఎంఎక్స్-5లో నిలువుగా పెట్టినప్పుడు నీళ్లు బయటికి పోయే నోరు ముందుకి వచ్చింది. పంపూ ముందే, నోరూ ముందే. వెనకున్న నాలుగో సిలిండర్ వైపు నీళ్ల కదలిక ముఖ్యంగా హెడ్ వెనక నుంచి హీటర్‌కి పోయే గొట్టం వల్లే. పైకప్పే లేని కారుకి హీటరెందుకని నేను దాన్ని పీకేసి ఆ గొట్టం మూతికి రబ్బరు టోపీ పెట్టాను. టోపీ ఒక వేసవిలో పగిలి నీళ్లన్నీ రోడ్డు పాలయ్యాయి. అప్పుడు చదువుకుని, ఆ నోటికి గొట్టం వేసి నీళ్లు మళ్లీ పంపు వైపు తిరిగేలా చేశాను. హీటర్ తీసినా హీటర్ దారి మూయకండి. హెడ్ వెనక చివరే క్యామ్ యాంగిల్ సెన్సర్ (వాల్వులు తెరిచే క్యామ్ ఎంత తిరిగిందో చెప్పేది) కూడా పొడుచుకొస్తుంది, ఇంజిన్‌కీ సీట్లకీ మధ్య గోడ అయిన ఫైర్‌వాల్‌లో దానికి చోటు వదలకపోతే తర్వాత రంపం పట్టాలి.

కొనేటప్పుడు క్రాంక్ పుల్లీ చూడండి. మొదటి ఏళ్ల ఇంజిన్లలో క్రాంక్ ముక్కు పొట్టిది, కీ గాడి అరిగి పుల్లీ ఊగే సమస్య వాటికి పేరుమోసింది. 1991లో ముక్కు పొడుగు చేశారు. పుల్లీకి నాలుగు గాడులుంటే పాతది, ఎనిమిదుంటే మార్చినది. నాది ఎనిమిది గాడులది. సంప్‌ను 40 మిల్లీమీటర్లు కోసి, పోయిన ఆయిల్ పట్టేలా పక్కలకి రెక్కలు వెల్డ్ చేయించి, లోపల బాఫిల్ ప్లేట్లు పెట్టించాను. ఈసారి ముందే.

మూడో ఏట దురద పుట్టింది. నాలుగు సిలిండర్లకీ విడివిడిగా బైక్ థ్రాటిల్ బాడీలు (గాలిని లోపలికి వదిలే కవాటాలు) తగిలించి, గాలి కొలిచే పాత ఫ్లాప్ మీటరు తీసేసి, మెగాస్క్విర్ట్ అనే ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటరు, మ్యాప్ మనమే రాసుకోవచ్చు) పెట్టాను. చప్పుడు మాత్రం అమోఘం. కానీ విడి థ్రాటిళ్లలో పెడల్ కొంచెం నొక్కగానే వాక్యూమ్ పోతుంది. ప్రెషర్ సెన్సర్‌కి ఇంజిన్ మీద ఎంత భారం ఉందో తెలియదు. పెడల్ ఎంత తెరుచుకుంది, ఇంజిన్ ఎంత తిరుగుతోంది అన్న రెండింటితోనే ఇంధనం మ్యాప్ రాసుకోవాలి. మూడు నెలలు ల్యాప్‌టాప్ పక్క సీట్లో పెట్టుకుని తిరిగాను. 5,500 పైన తేడా తెలిసింది, కింద మాత్రం ఇంజిన్ దగ్గుతూ నడిచేది. తీసేసి గాలిని సిలిండర్లకి పంచే పాత మానిఫోల్డే బిగించాను, ఈసీయూ మాత్రం ఉంచాను. బీరువాలో ఆ థ్రాటిల్ బాడీలు ఇప్పటికీ మెరుస్తున్నాయి.

ఏడేళ్లలో 41,000 కిలోమీటర్లు. హెడ్ విప్పలేదు. ఒక క్లచ్, ఒక వాటర్ పంప్, క్యామ్ సెన్సర్ దగ్గర ఆయిల్ కారితే ఓ-రింగ్, ఒకసారి టైమింగ్ బెల్ట్. ఈ 1.6లో బెల్ట్ తెగినా వాల్వులు పిస్టన్లకి తగలవు కాబట్టి నిద్ర పడుతుంది. చాలాకాలం నిలిపి స్టార్ట్ చేస్తే హైడ్రాలిక్ లిఫ్టర్లు (ఆయిల్ ప్రెషర్‌తో వాల్వుల ఖాళీని సర్దేవి) కాసేపు టిక్ టిక్ మంటాయి, వేడెక్కాక ఊరుకుంటాయి. అయిదో గేరులో వంద వేగానికి 3,200 ఆర్‌పీఎం. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడొచ్చు, కొంచెం అరుస్తూ.

నెమ్మదించిందా అంటే, అవును. టన్నుకి 205 హార్స్‌పవర్ ఇప్పుడు. ట్రాక్ మీద అదే చుట్టుకి పాత ఇంజిన్ కంటే నాలుగైదు సెకన్లు ఎక్కువ పడుతోంది. ముందు భాగం బరువెక్కి మలుపులోకి తిరగడంలో ఆ సూది లాంటి చురుకు తగ్గింది, ముందు స్ప్రింగులు మార్చాల్సి వచ్చింది. అది లోటే. కానీ 2013లో కేటర్‌హామ్ సెవెన్ 160లో పెట్టింది సుజుకి 660 సీసీ మూడు సిలిండర్ల టర్బో, 80 హార్స్‌పవర్. బరువు 490 కిలోలు. ఆ లెక్కన నాకు తక్కువేమీ కాలేదు.

మీ కారు ట్రెయిలర్ మీద ట్రాక్‌కి వెళ్లి ట్రెయిలర్ మీదే ఇంటికొచ్చేదైతే బైక్ ఇంజినే పెట్టుకోండి, నేను ఆపను. ఆ అరుపుకి సాటి లేదు, నాకిప్పటికీ కలలో వినిపిస్తుంది. రోడ్డు మీద నడపాలంటే మాత్రం వద్దు. రెండింటిలో ఏదైనా ముందు మీ దగ్గర రిజిస్ట్రేషన్, పొగ నియమాలు ఇంజిన్ వయసు గురించి ఏమంటున్నాయో చూసుకోండి.

పాత బైక్ ఇంజిన్ షెడ్డులో బల్ల కింద ఉంది. క్రాంక్ పోయింది కానీ హెడ్, గేర్లు బాగానే ఉన్నాయి. ఈ మధ్య ఒక కుర్రాడు తన ఫ్రేము పూర్తయిందని, అది ఇమ్మని అడగడానికి వచ్చాడు. సంప్‌కి బాఫిల్ ప్లేట్లు చేయించావా అని అడిగాను. "ముందు నడిపి చూస్తానన్నా, అవి తర్వాత పెడతా" అన్నాడు. ఇంజిన్ ఇంకా బల్ల కిందే ఉంది.