మూడంతస్తుల కూలింగ్ ర్యాక్: చల్లార్చడానికి కొన్నాను, ఐసింగ్ ఆరబెట్టడానికి వాడుతున్నాను

ఇంట్లో ఐసింగ్ కుకీలు చేసేవాళ్లు ఓవెన్ తర్వాత ఏం కొనాలని అడిగితే, నేను ముందు చెప్పేది ఒకదానిమీద ఒకటి పేర్చుకునే కూలింగ్ ర్యాక్ (వేడి కుకీలు చల్లార్చే తీగల స్టాండు) గురించే. నా దగ్గరున్నది మూడంతస్తులది. కాళ్లు మడుచుకుంటాయి, తీగలకు నాన్‌స్టిక్ కోటింగ్ ఉంది. కొన్నేళ్లుగా వాడుతున్నాను.

చల్లార్చే పనిలో దీనికి వంక పెట్టలేను. ఓవెన్‌లోంచి తీసిన కుకీ మెత్తగా ఉంటుంది, వెంటనే ఎత్తితే విరుగుతుంది. అందుకే ఐదు నిమిషాలు ట్రే మీదే ఉంచి, కాస్త గట్టిపడ్డాక ర్యాక్ మీదికి మారుస్తాను. అంతకంటే ఎక్కువసేపు ట్రేలో వదిలేస్తే ఆ వేడికి అడుగు మాడుతూనే ఉంటుంది, ఆవిరి బయటికి పోయే దారిలేక కింది భాగం మెత్తబడుతుంది. ర్యాక్ మీద కిందనుంచి కూడా గాలి తగులుతుంది కాబట్టి ఆ బాధ ఉండదు. కొనేటప్పుడు చూడాల్సింది తీగల అల్లిక. నాది చిన్న గళ్లది. ఒకే వైపు గీతల్లా తీగలున్న ర్యాక్ మీద నక్షత్రాల కొనలు, కుందేలు చెవుల్లాంటి సన్నటి భాగాలు సందుల్లోకి దిగి వంగిపోతాయి.

కుకీ పూర్తిగా చల్లారాకే ఐసింగ్ మొదలుపెట్టాలి. పైన చల్లగా అనిపిస్తే చాలదు, తిప్పి అడుగున కూడా చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే ఐసింగ్ పలచబడి అంచు దాటి జారుతుంది. కుకీలోని వెన్న కూడా పైకి వచ్చి, ఆరాక నూనె మచ్చల్లా కనిపిస్తుంది.

అసలు పరీక్ష ఆరబెట్టడం దగ్గరే. రాయల్ ఐసింగ్ (పంచదార పొడి, గుడ్డు తెల్లసొన కలిపి చేసే, ఆరితే గట్టిపడే పూత) ఆరడమంటే అందులోని నీళ్లు గాలిలోకి పోవడమే. అంటే ర్యాక్ ఎంత మంచిదైనా చుట్టూ గాలి కదలకపోతే లాభం లేదు. నా ర్యాక్‌లో అంతస్తుకీ అంతస్తుకీ మధ్య నాలుగు వేళ్ల ఎత్తు మాత్రమే ఉంటుంది. పై అంతస్తు కుకీలు ముందు ఆరతాయి, మధ్య అంతస్తువి అన్నిటికంటే వెనకబడతాయి. చిన్న టేబుల్ ఫ్యాన్‌ను తక్కువ స్పీడులో పక్కనుంచి, గాలి ఆ సందుల్లోకి వెళ్లేలా పెట్టాక ఈ తేడా దాదాపు పోయింది. దీనివల్ల ఇంకో మేలు కూడా ఉంది. పైపొర త్వరగా కడితే ఐసింగ్ మెరుపు నిలుస్తుంది. బొమ్మల కళ్లు, చిన్న చుక్కలు ఆరేటప్పుడు లోపలికి కుంగి గుంటలు పడడం కూడా బాగా తగ్గుతుంది. ఐసింగ్ కుకీలు చేసేవాళ్లకు ఆ గుంటలు ఎంత బాధో తెలుసు! గంటలకొద్దీ ఓపిగ్గా గీసింది, పక్కకి తిరిగి వచ్చేసరికి పాడైపోతుంది.

పైపొర కట్టింది కదా అని డబ్బాలో పెట్టేయకూడదు. లోపలి దాకా ఆరడానికి మామూలుగా 8 నుంచి 12 గంటలు పడుతుంది. ముసురు రోజుల్లో, గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు 24 గంటలైనా పట్టొచ్చు. అలాంటప్పుడు ఫ్యాన్ ఒక్కటే తిప్పినా పెద్దగా పని జరగదు, ఏసీ గదిలోకి మార్చడం మేలు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. బయటికి తీయగానే చెమ్మ పట్టి రంగులు ఒకదాంట్లోకి ఒకటి పాకుతాయి. ఎరుపు, నలుపు పక్కన తెలుపు ఉంటే ఈ టెన్షన్ ఇంకా ఎక్కువ. ముదురు రంగు పూర్తిగా ఆరాకే దాని పక్కన తెలుపు వెయ్యాలి.

ఇక ఈ ర్యాక్‌తో నాకున్న ఇబ్బందులు. మడత కాళ్లకు లాక్ లేదు. కుకీలతో ఎత్తితే ఒక కాలు లోపలికి మడుచుకుని అంతస్తు మొత్తం ఒరుగుతుంది. తడి ఐసింగ్‌తో అది జరిగితే కింది వరస కూడా పోతుంది. అందుకే కింది అంతస్తు నింపాక, దానిమీద రెండోది ఖాళీగా నిలబెట్టి, అప్పుడు కుకీలు ఒక్కొక్కటే పెడతాను. నాలుగు కాళ్లూ సమంగా ఆనుతున్నాయో లేదో కూడా ముందే చూసుకోవాలి. ర్యాక్ కొంచెం వాలినా పలచటి ఐసింగ్ ఒక పక్కకి చేరి, అక్కడ మందంగా ఆరుతుంది.

రెండో ఇబ్బంది కోటింగ్. తీగలు కలిసే చోట వెల్డింగ్ దగ్గర అది పెచ్చులూడి తుప్పు కనిపించింది. కడిగిన వెంటనే తుడిచి ఆరబెట్టినా ఆగలేదు. తినే వస్తువు నేరుగా ఆనుతుంది కాబట్టి, ఆ అంతస్తును పక్కన పెట్టేశాను. మళ్లీ కొంటే కోటింగ్ లేని స్టెయిన్‌లెస్ స్టీల్‌దే కొంటాను.

ఒకేసారి ఒక ట్రే కుకీలే చేసేవాళ్లకు మూడంతస్తులు అనవసరం, ఒకటి చాలు. అయితే అది మీ బేకింగ్ ట్రేలో పట్టే సైజు అయ్యేలా కొలుచుకుని కొనండి. ట్రేలో ర్యాక్ పెట్టి దానిమీద గ్లేజ్ (పలచటి తీపి పూత) పోస్తే, కారిందంతా ట్రేలోనే పడుతుంది.