లివర్ కనెక్టర్: టేపు బాధ పోయింది, వైరు ఒలిచే పని మాత్రం అలాగే ఉంది

టేపు చుట్టిన న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) జాయింట్‌ను నేను ఎప్పుడూ నమ్మను. తిరుపతి ఎండలకు మే నెలలో పడమటి గోడ బోర్డు విప్పి చూడండి, టేపు జిగురు వేళ్లకు అంటుకుంటుంది, చుట్టు జారి రాగి బయటపడి ఉంటుంది. లైటు స్విచ్ బోర్డుల్లో వాగో కంపెనీ 221 లివర్ కనెక్టర్లు, అంటే వైర్లు దూర్చి చిన్న లివర్ నొక్కితే పట్టుకునే ప్లాస్టిక్ జాయింట్లు, పెట్టి ఏళ్లయింది. వాటిలో నాకు నచ్చింది ఒక్కటే: పెంకు పారదర్శకం, వైరు లోపల ఎంతవరకు పోయిందో కంటికి కనిపిస్తుంది.

దాని విలువ హాలు బోర్డు మొరాయించినప్పుడు తెలిసింది. ఫ్యాను బాగానే తిరుగుతోంది, లైటు మాత్రం మిణుకుమిణుకుమంటూ ఒక్కోసారి ఆరిపోయేది. స్విచ్ వేసి, సీలింగ్ రోజ్ (పైకప్పు దగ్గర లైటు వైర్లు కలిపే గుండ్రటి డబ్బా) మూత విప్పి టెస్టర్ పెడితే రెండు స్క్రూల దగ్గరా వెలిగింది. ఇది చూసి రెండు ఫేజులు (కరెంటు తెచ్చే వైర్లు) వచ్చాయని కంగారుపడేవాళ్లే ఎక్కువ. న్యూట్రల్ అందకపోతే, బల్బు గుండా దాటిన ఫేజే అటువైపూ కనిపిస్తుంది.

ఎంసీబీ (ఆ లైనుకు కరెంటు ఆపే స్విచ్) దించి బోర్డు విప్పితే సంగతి పైకే కనిపించింది. అయిదు రంధ్రాల న్యూట్రల్ కనెక్టర్‌లో నాలుగు వైర్లు సరిగ్గా ఉన్నాయి. లైటుకు వెళ్లే అయిదోదాన్ని ఆరేడు మిల్లీమీటర్లే ఒలిచి దూర్చారు. బిగింపు రాగి మీద పడాల్సింది ఇన్సులేషన్ అంచు మీద పడింది. లాగితే ఊడదు, అందుకే బిగించినవాళ్లకు అనుమానం రాలేదు. తగిలీ తగలక ఉన్న రెండు మూడు పోగుల మీదే లైటు నడిచింది. కనెక్టర్‌ది తప్పేం లేదు. అదే టేపు కిందుంటే జాయింట్లన్నీ విప్పుకోవాల్సి వచ్చేది.

ఒలవాల్సింది 11 మి.మీ., ఆ కొలత కనెక్టర్ ఒంటి మీదే ఉంటుంది. 1 చదరపు మి.మీ. వైరులో 14 పోగులుంటాయి, ఒక్కటి కూడా బయట మిగలకూడదు. కొన తాకేదాకా తోసి, లివర్ పూర్తిగా పడేదాకా నొక్కి, వైర్లన్నీ ఒక్కొక్కటిగా లాగి చూడాలి. ఒకే రంధ్రంలో రెండు వైర్లు పెట్టకూడదు. ఆరో వైరు వస్తే రెండో కనెక్టర్ తీసుకుని, మధ్యలో లైనుకు తగ్గ మందం ముక్క వేయాలి. స్విచ్‌కు వెళ్లేది ఫేజే. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో ఎంసీబీ దించితే చాలదు, ఇన్వర్టర్ ఫేజు అదే బోర్డులో బతికే ఉంటుంది. దాన్నీ ఆపి, టెస్టర్‌ను ముందు కరెంటున్న చోట పరీక్షించుకుని, తర్వాతే చెయ్యి పెట్టాలి.

టేపు అక్కర్లేదు కదా అని అన్నిచోట్లా పెట్టేయకండి. ఇది నీళ్లను ఆపదు. నవంబరు వానలకు చెమ్మ పట్టే గోడలో ముందు చెమ్మ సంగతి చూడాలి. పాత ఇళ్ల అల్యూమినియం వైరుకైతే ఉత్తగా బిగిస్తే సరిపోదు, దానికి ప్రత్యేకమైన పేస్టు కావాలి. లోతు లేని డబ్బాలో అయిదు రంధ్రాలది పెడితే ప్లేటు మూసుకోదు. పేరూ రేటింగూ లేని చవక నకళ్లలో లివర్ నాలుగుసార్లు ఎత్తేసరికే వదులవుతుంది.

మాది రాగి వైరింగు, వీటి మీద నడిచేవి లైట్లు, ఫ్యాన్లే. 32 ఆంపియర్ల రేటింగ్ ఉన్నా గీజరు లైనుకు మాత్రం పెట్టలేదు. అక్కడ మధ్యలో జాయింటే లేకుండా వైరు లాగించాం.