రెండు మాటలకే బీడీ మానేసే రోగి: ఏఐతో కౌన్సెలింగ్ శిక్షణ, బాగా వాడాక

వైద్య విద్యార్థుల కౌన్సెలింగ్ సాధన కోసం చాట్‌బాట్ వేషం వేసే ఈ రోగి మరీ మంచివాడు. చిక్కంతా అక్కడే. “బీడీలు ఊపిరితిత్తులకు మంచివి కావు, మానెయ్యండి” అని విద్యార్థి ఒక్క మాట అంటే చాలు, “మీరు చెప్పింది అక్షరాలా నిజం డాక్టర్ గారూ, నా కుటుంబం కోసం ఈ రోజు నుంచే మానేస్తాను” అని తెరమీద ప్రత్యక్షమవుతుంది. కొండపి, టంగుటూరు వైపు నుంచి ఓపీకి వచ్చే మనిషి, ముప్ఫై ఏళ్లుగా బీడీ కాలుస్తున్నవాడు, ఆ మాట అనడు. అంటే గింటే “చూద్దాంలే సార్” అంటాడు, చీటీ మడిచి జేబులో పెట్టుకుంటాడు, గేటు దాటగానే అగ్గిపెట్టె తీస్తాడు.

వాడింది ప్రత్యేకమైన వైద్య సాఫ్ట్‌వేర్ ఏమీ కాదు, అందరి ఫోన్లలో ఉండే చాట్‌బాటే. తెలుగులో కేసు షీటు, అంటే రోగి వివరాలూ అతను నడుచుకోవాల్సిన నియమాలూ, రాసి అందులో పెట్టి, నువ్వు రోగివి, నీతో మాట్లాడేది మెడికల్ విద్యార్థి అని చెప్పడమే పని. కంపెనీ పేరు అనవసరం. మార్చి మార్చి చూసినా ఈ జబ్బు కాస్త అటూఇటూగా అన్నిటికీ ఉంది. వాడినవాళ్లు నెల్లూరు, ఒంగోలు వైపు ఎంబీబీఎస్, నర్సింగ్ విద్యార్థులు. నేర్పింది పొగాకు మానిపించే కౌన్సెలింగ్, బీపీ మాత్రలు మధ్యలో ఆపకుండా వాడేలా ఒప్పించడం. రోగ నిర్ధారణకు ఇది ఎంత పనికొస్తుందన్నది వేరే చర్చ.

మెచ్చుకోవాల్సింది ముందు చెప్పాలి. మనుషులకు తర్ఫీదిచ్చి రోగుల్లా నటింపజేసే పద్ధతిని 1963లో అమెరికాలో హోవర్డ్ బారోస్ మొదలుపెట్టారు. పద్ధతి గొప్పదే, మనకు అందేది కాదు. 150 మంది బ్యాచికి తలా 15 నిమిషాలంటే 37 గంటలకు పైమాటే. అంతసేపు ఒకే కథను ఒకే తీరున తెలుగులో నటించే మనిషి ఎక్కడ దొరుకుతాడు? చాట్‌బాట్ రాత్రి పదకొండుకు హాస్టల్లో కూడా సిద్ధంగా ఉంటుంది, విసుక్కోదు, తడబడినా నవ్వదు. నలుగురి ముందు నోరు విప్పని పిల్లలు దీని ముందు విప్పారు. కొత్తలో ఇది చాలు అనిపించింది.

ఆ విసుక్కోకపోవడమే తర్వాత ఇబ్బందయింది. నిజమైన రోగికి పన్నెండున్నర బస్సు ఉంటుంది, వెనక క్యూ ఉంటుంది, పక్కన తొందరపెట్టే బావమరిది ఉంటాడు. ఇక్కడ అవేవీ లేవు. అంతకంటే పెద్దది ఆ లొంగుబాటు. ఈ చాట్‌బాట్ల వెనకున్న మోడళ్లకు చివరి దశ శిక్షణ మనుషులు మెచ్చిన జవాబులను బట్టి ఇస్తారు. ఎదుటివాడు చెప్పినదానికి తలూపితే మెప్పు వస్తుందని వాటికి అప్పుడే అలవాటవుతుంది. రోగి వేషం ఆ అలవాటు మీద కప్పిన పల్చటి గుడ్డ. విద్యార్థి భయపెట్టినా, ఉపన్యాసం దంచినా, “మీకు బుద్ధి లేదా” అన్నంత పని చేసినా రోగి మారిపోతాడు. దాంతో పిల్లలకు పట్టుబడే పాఠం ఏమిటంటే ఉపన్యాసం పనిచేస్తుందని. మారాలన్న మాట రోగి నోటే రప్పించే కౌన్సెలింగ్ పద్ధతి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్‌లో విలియం మిల్లర్, స్టీఫెన్ రోల్నిక్ ఏది వద్దని నెత్తీనోరూ కొట్టుకున్నారో, రోగిని సరిదిద్దెయ్యాలనే ఆ ఆత్రానికి ఈ యంత్రం ప్రతిసారీ బహుమతి ఇస్తోంది. శిక్షణ లేకపోవడం కంటే ఇది చెడ్డది.

“మొండిగా ఉండు” అని కేసు షీటులో రాస్తే సరిపోతుందనుకుంటారు. సరిపోదు. అప్పుడు ఇంకో వికారం మొదలవుతుంది: రోగి ప్రతి మాటకూ అడ్డంగా తల ఊపుతాడు, పేరడిగినా కసురుకుంటాడు. విద్యార్థి ఎంత బాగా విన్నా ఫలితం లేదు. సంభాషణ సాగిసాగి పైన రాసిన ఆదేశం వెనకబడ్డాక, ఏ కారణమూ లేకుండా, మళ్లీ అదే “ఈ రోజు నుంచే మానేస్తాను”. మొండితనమూ నటనే, లొంగుబాటూ నటనే. విద్యార్థి మాటకూ రోగి మార్పుకూ మధ్య తాడు లేదు.

ఆ తాడు కట్టడానికి పనికొచ్చింది ఒక అంకె. షీటులో ఇలా రాయాలి: మానాలన్న సుముఖత 10కి 3 దగ్గర మొదలు. విద్యార్థి నీ మాటను అర్థం చేసుకుని తిరిగి నీకే చెబితే 1 పెంచు. హెచ్చరిస్తే, అడగని సలహా ఇస్తే 1 తగ్గించు. ఒక్క మాటకు ఒకటికి మించి కదలకూడదు. 7 దాటకూడదు. 7 దగ్గర కూడా నీ నోట వచ్చే గట్టి మాట “పగటి పూట తగ్గిస్తా, రాత్రి సంగతి చెప్పలేను” అన్నంతవరకే. పూర్తిగా మానేస్తానని మాట ఇవ్వకూడదు. ప్రతి జవాబు చివర ఆ అంకె చూపించు. అంకె కనపడితే విద్యార్థి దాన్నే చూస్తూ కూర్చుంటాడు, దాస్తే యంత్రం లెక్క మరిచిపోతుంది. రెంటిలో కనపడటమే మేలు. సాధన ముగిశాక ఏ మాట దగ్గర అంకె పడిందో చర్చించడానికి అదే ఆధారం. పది పన్నెండు మాటలకొకసారి నియమాలను మళ్లీ అతికించాలి, లేకపోతే 3 నుంచి 6కి ఒకే గెంతు వేస్తుంది.

ఇందులో కొత్త తెలివేమీ లేదు. 1972లో స్టాన్‌ఫోర్డ్‌లో కెన్నెత్ కాల్బీ చేసిన ప్యారీ అనే ప్రోగ్రాం అనుమానపు జబ్బు ఉన్న రోగిలా మాట్లాడేది. దానిలో భయం, కోపం, అపనమ్మకం అంకెలుగా ఉండి ఎదుటివారి మాటను బట్టి పెరుగుతూ తరుగుతూ ఉండేవి. భాష రాకపోయినా పంతం పట్టడం దానికి వచ్చు. ఇప్పటివాటికి భాష ధారాళంగా వచ్చింది, పంతమే లేదు.

అంకె పెట్టినంత మాత్రాన గెలిచినట్టు కాదు. చురుకైన పిల్లలు వారంలో కిటుకు పట్టేస్తారు. ప్రతి మాటకూ “అంటే మీకు కష్టంగా ఉందంటారు”, “అంటే మీకు దిగులుగా ఉందంటారు” అని చిలక పలుకులు పలికితే అంకె ఎక్కుతూ పోతుంది. దీనికి విరుగుడుగా, రోగి మాటనే తిప్పి అప్పజెబితే అంకె కదలదనీ, రోగి చెప్పకుండా వదిలేసిన అర్థాన్ని పట్టుకుంటేనే కదులుతుందనీ రాయాలి. యంత్రం ఆ తేడాను కొన్నిసార్లే పట్టుకుంటుంది.

కేసు షీటు మన ఊరిది కాకపోతే రోగి సినిమాల్లో పేదవాడిలా మాట్లాడతాడు. ఖాళీగా వదిలేస్తే ఒత్తిడి వల్ల బీడీ తాగుతున్నానంటాడు, ఆఫీసు ఒత్తిడి! ప్రకాశం జిల్లా పొగాకు రైతుకు కారణాలు వేరు. సంక్రాంతి దాటాక, ఆకును వేడితో ఆరబెట్టే బారన్లు వెలిగే రోజుల్లో మంట ఆరకుండా, వేడి మించకుండా రాత్రంతా కాపు కాయాలి. ఆకు క్యూరింగ్ అయ్యేదాకా రోజుల తరబడి అదే పని. నిద్ర ఆపేది బీడీయే. పైగా “మాకు అన్నం పెట్టేదే పొగాకు, దాన్ని ఇసమంటే ఎట్టా సార్?” అనే ప్రశ్న ఒకటుంది. దానికి జవాబు వెతుక్కోవడమే అసలు శిక్షణ, ఆ ప్రశ్న యంత్రం తనంతట తాను ఎప్పుడూ వెయ్యదు. రాసిపెట్టాలి. పచ్చాకు కోసేటప్పుడు తడి ఆకు నుంచి నికోటిన్ చర్మం గుండా ఎక్కి వాంతులు, తల తిరుగుడు వస్తాయని కూడా చేర్చితే, వాటిని బీపీ ఖాతాలో వేసేసే విద్యార్థి దొరికిపోతాడు.

షీటులో తప్పనిసరిగా ఉండాల్సినవి: వయసు, పని, రోజుకు ఎన్ని బీడీలు, లేచిన ఎన్ని నిమిషాలకు మొదటిది, తాగడానికి మూడు కారణాలు, మానాలనిపించే రెండు కారణాలు, దాచిపెట్టే విషయం ఒకటి. నిమిషాలు ఎందుకంటే నికోటిన్‌కు ఎంత బానిసయ్యారో కొలిచే ఫాగర్‌స్ట్రామ్ పరీక్షలో 5 నిమిషాల లోపు మొదటిది వెలిగిస్తే 3 పాయింట్లు, గంట దాటితే సున్నా. రాయకపోతే యంత్రం మొదట పాతిక బీడీలంటుంది, కాసేపటికి పది అంటుంది. దాచే విషయానికి ఉదాహరణ: పీహెచ్‌సీలో ఇచ్చిన బీపీ మాత్ర, ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు, బాగున్న దినం మింగడు. “మాత్రలు సరిగ్గా వాడుతున్నారా?” అంటే ఆ వాడతా ఉండా అనాలి. “ఎప్పుడైనా మరిచిపోవడం అందరికీ ఉంటుంది, ఈ వారం ఎన్నిసార్లు తప్పింది?” అంటేనే బయటపడాలి. ఈ ఒక్క నియమాన్ని యంత్రం బాగానే పాటిస్తుంది. దీనితోపాటు ఒక్కో జవాబు రెండు వాక్యాలు దాటకూడదని కచ్చితంగా రాయాలి. లేకపోతే “ఏం సమస్య?” అన్న పాపానికి బీపీ, బీడీ, మాత్రలు, తండ్రి పోయిన కారణం అన్నీ ఒకే ఊపులో కుమ్మరిస్తుంది, అడగడానికి ఏమీ మిగలదు.

భాష విషయంలో సగం సంతోషమే. ఏమీ చెప్పకపోతే “నేను ధూమపానం చేస్తాను, నాకు శిరోభారంగా ఉంది” అంటుంది. మన వాడుక వాక్యాలు ఓ పదిహేను షీటులో ఇస్తే మారుతుంది: “నాలుగు దినాల నుంచి తలకాయ తిరగతా ఉండాది”, “బారన్ కాడ ఎట్టా మేలుకునేది?” అలాంటివి. కానీ సంభాషణ సాగేకొద్దీ మెల్లగా పుస్తకాల తెలుగులోకి జారుకుంటుంది. పిల్లలు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడితే ఇంకా త్వరగా. తెలుగు లిపిలో మాటకు ఇంగ్లీషు కంటే ఎన్నో ఎక్కువ టోకెన్లు (యంత్రం మాటను విడగొట్టి లెక్కించే ముక్కలు) ఖర్చవుతాయి కాబట్టి ఉచిత ఖాతాల పరిమితి సాధన మధ్యలోనే అయిపోవడం మామూలు.

గొంతుతో మాట్లాడే వాయిస్ మోడ్ ఈ పనికి వద్దు. కౌన్సెలింగ్‌లో మౌనం ఒక పనిముట్టు. రోగి ఆగి ఆలోచిస్తే విద్యార్థి ఓపిక పట్టడం నేర్చుకోవాలి. ఇది అవతలివారు ఊపిరి పీల్చుకోగానే మాట అందుకుంటుంది, తను మాత్రం ఎప్పుడూ ఆగదు.

మార్కులు వెయ్యమని దీన్నే అడగడం ఇంకో ముచ్చట. అడిగితే అందరికీ 8. అదే సంభాషణ మళ్లీ ఇస్తే 7, ఇంకోసారి 9. విద్యార్థి అనని వాక్యాన్ని అన్నట్టు కొటేషన్లో పెట్టి మెచ్చుకోవడమూ ఉంది. మార్కులు అడక్కుండా లెక్క అడిగితే పనికొస్తుంది: వేరే చాట్‌లో సంభాషణ అతికించి, అవును కాదు జవాబొచ్చే ప్రశ్నలు ఎన్ని, విడమరిచి చెప్పించే ప్రశ్నలు ఎన్ని, రోగి మాటను తిరిగి చెప్పినవి ఎన్ని, ప్రతిదానికీ అసలు వాక్యం ఎత్తి చూపించు అనాలి. ఆ వాక్యం సంభాషణలో నిజంగా ఉందో లేదో మనిషే వెతికి చూసుకోవాలి. కౌన్సెలింగ్‌ను కొలిచే మిటి పద్ధతిలో ఒక ప్రశ్నకు ఒక రిఫ్లెక్షన్ (రోగి మాటను తిరిగి చెప్పడం) ఉంటే ఫర్వాలేదు, రెండుంటే బాగు అన్నది గీటు. మన పిల్లల మొదటి సంభాషణల్లో ప్రశ్నలే, పోలీసు విచారణ. ఆ నిష్పత్తి కళ్ల ముందు పెట్టడం మాత్రం నిజమైన లాభం.

అనుకోకుండా బాగా కుదిరింది భార్య పాత్ర. రోగితో పాటు వచ్చిన భార్యవి నువ్వు అంటే యంత్రం చెలరేగిపోయింది: “చెప్పి చెప్పి నోరు పోయింది నాయనా, మనవడు కూడా దగ్గతా ఉండాడు.” కారణం ఊహించదగ్గదే. ఆమె కోరేదీ డాక్టరు కోరేదీ ఒకటే కనుక లొంగుబాటు జబ్బు అక్కడ బయటపడదు. ఇంట్లో వాళ్లను కౌన్సెలింగ్‌లోకి ఎలా తేవాలో నేర్పడానికి అంకెల గొడవ లేకుండా ఇలాగే వాడుకోవచ్చు.

ఆరోగ్యపు అలవాట్ల మీద సర్వేలు చేసేవాళ్లకు ఒక మాట. ప్రశ్నపత్రం తెలుగు అనువాదాన్ని దీనికిచ్చి, ఎక్కడ రెండు ప్రశ్నలు ఒకదాన్లో ఇరుక్కున్నాయో, ఏ మాట పల్లెలో అర్థం కాదో అడిగితే సగానికి సగం సరిగ్గానే పట్టుకుంటుంది. అంతటితో ఆగాలి. దీన్నే వందమంది రైతుల్లా జవాబులివ్వమని అడిగి దాన్ని పైలట్ డేటా, అంటే అసలు సర్వేకు ముందు చేసే చిన్న ప్రయోగపు ఫలితాలు, అనడం మొదలైంది. ఆ వందమందీ ఒక్క మనిషే, వాడూ బీడీ మానేయడానికి సిద్ధంగా ఉన్నవాడే. నిజమైన రోగి పేరు, ఊరు, ఎంఆర్‌డీ (ఆసుపత్రి రికార్డు) నంబరు ఉన్న కేసు షీటు ఇందులో పెట్టకూడదని వేరే చెప్పాలా? 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇచ్చిన ఏఐ నైతిక మార్గదర్శకాలు చదివినవాళ్లు తక్కువ కాబట్టి చెప్పాల్సి వస్తోంది.

కొనాలా వద్దా అంటే కాలేజీని బట్టి. పెద్ద బ్యాచి, చిన్న కమ్యూనిటీ మెడిసిన్ విభాగం, షీటు రాయడానికి ఓపికున్న అధ్యాపకుడు ఒక్కరైనా ఉంటే డబ్బు కట్టే ఖాతా ఒకటి తీసుకోవచ్చు, ఊళ్లోకి వెళ్లే ముందు నోరు తిరగడానికి. ఎంబీబీఎస్ విద్యార్థులు పల్లెల్లో కుటుంబాలను దత్తత తీసుకునే ఫ్యామిలీ అడాప్షన్ కార్యక్రమంలోని ఇళ్లకు పిల్లలు క్రమంగా వెళ్తున్న చోట దీని అవసరం అంతగా కనపడదు, అక్కడి నాయనలు ఇంతకంటే బాగా ఏడిపిస్తారు. షీటు రాసే తీరిక లేనిచోట ఉచితంగా ఇచ్చినా వద్దు. పరీక్ష మార్కుల్లో కలపడానికి మాత్రం ఇప్పటికి ఒప్పుకోను. ఆ 7 గీత తీసేసినా తనంతట తాను “చూద్దాంలే” అనగల వెర్షన్ వస్తే అప్పుడు మళ్లీ చూడాలి.