ఇంటికొచ్చి గుర్రానికి టీటీ (ధనుర్వాతం టీకా) వేసిన డాక్టర్: చెయ్యి మంచిదే, ముందు మాటే తక్కువ (4/5)

జడ్చర్ల దగ్గర పల్లె మాది. పెండ్లిళ్లల్ల బరాత్‌కు తిప్పే ఆడగుర్రం ఒకటుంది. గిట్టలకు నాలాలు కొట్టించేటప్పుడు మేకు లోపలికి దిగితే ధనుర్వాతం రావొచ్చని, అది గుర్రాలకు తొందరగా పట్టుకుంటుందని తెలిసి మహబూబ్‌నగర్ నుంచి ఒక ప్రైవేటు వెటర్నరీ డాక్టర్‌ను పిలిపించిన. విజిటింగ్ 500, మందు ధర వేరే. చెప్పిన టైముకే వచ్చిండు, మందు ఐస్ డబ్బాలో తెచ్చిండు, కొత్త సూది మా ముందే విప్పిండు.

పిరుదు మీద వేస్తాడేమో అనుకున్న, మెడ మీద వేసిండు. ఎందుకు సార్ అంటే, పిరుదులో చీము పడితే కిందికి కారే దారి ఉండదు, మెడలోనైతే పైన తలను పట్టి ఉంచే గట్టి పట్టీ (లిగమెంట్), కింద వెన్నుపూస, వెనక భుజం ఎముక, ఈ మూడింటి నడుమ మంచి కండ ఉంటుంది అన్నడు. అరగంట కూర్చొని, మూతి వాయలేదు, ఊపిరి బాగుంది అని చూసుకొనే పోయిండు. ఇక్కడిదాకా వంక పెట్టేందుకు లేదు.

తెల్లారి చూస్తే సూది పడ్డచోట అరచేయంత వాపు, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు, మాదేమో కండ్లు మంచిగున్నా ఉలవల గంప వైపు చూడలేదు. నాకు టెన్షన్, నాలుగో రోజు బరాత్ ఒప్పుకొని ఉన్న. మా నాయన ఆముదం రాసి గట్టిగా రుద్దు అంటడు, పక్కింటి తాత కాపడం పెట్టు అంటడు, నాకేమో మేకల కోసం తెచ్చిన నొప్పి ఇంజక్షన్ మిగిలింది కదా, అది వేద్దామా అనిపించింది.

డాక్టర్‌కు ఫోన్ చేస్తే ఎత్తిండు, అదొక మేలు. "తమ్మీ, ఏదీ వేయకు, రుద్దకు" అన్నడు. కొన్ని నొప్పి మందులు గుర్రం కండలో గుచ్చితే లోపల కుళ్లు పట్టే ప్రమాదం ఉందట, అందుకే తన చేతుల మీదుగా తప్ప వేయొద్దన్నడు. జ్వరం చూడమన్నడు, 101 లోపే ఉంది. వాపు మీద నొక్కితే కరకరలాడుతుందా అని అడిగిండు, లేదన్న. కరకరలాడితే మాత్రం ఒక్క గంట కూడా ఆగకుండా పిలవాలట. టీకాలో రోగనిరోధక శక్తిని లేపే పదార్థం కలిపి ఉంటుంది, దానికి కండ ఇట్లా పొంగుతుంది, రెండు మూడు రోజులల్ల పోతుంది అన్నడు.

అసలు సంగతి ఏందంటే అది ఆకలి లేక తినకపోవడం కాదు, మెడ పట్టేసి తల కిందికి దించలేకపోయింది, గంప నేల మీద, నీళ్ల గోలెమూ నేల మీదే. గంపను డ్రమ్ము మీద పెట్టి బకెట్‌ను మూతి ఎత్తుకు కట్టంగనే గుటగుటా తాగింది. పొద్దంతా బక్కజీవంలా నిలబడ్డది ఇందుకా అని నామీద నాకే కోపమొచ్చింది. మొదటి రోజు బట్టలో ఐస్ చుట్టి పావుగంట చొప్పున మూడుసార్లు, మర్నాడు గోరువెచ్చని తడిగుడ్డ, చల్లపూట నెమ్మదిగా నడిపించుడు. మూడో రోజుకు వాపు రూపాయి బిళ్లంత మిగిలింది.

నాలుగైదు రోజులైనా తగ్గకుండా మెత్తబడి పెరిగితే అది చీముగడ్డ అంట, మాకు అంతదాకా రాలేదు. బరాత్ మాత్రం మా బావమరిది గుర్రానికి ఇచ్చేసిన, 4,000 పోయింది.

ఒక స్టార్ అందుకే కోసిన. ఈ మాటలన్నీ ఇంజక్షన్ రోజే చెప్పి ఉంటే ముహూర్తాలకు రెండు వారాల ముందే వేయించుకునేవాడిని, గంప ఆ రాత్రే ఎత్తుకు పెట్టేవాడిని. అడిగితే అన్నీ చెప్తడు, అడగకపోతే నోరు విప్పడు. రెండో డోసు నాలుగు వారాలకు, మెడకు అవతలి పక్క. ఈయననే పిలుస్తున్న, ఐస్ ఫ్రిజ్‌లో ముందే పెట్టిన.