ఐఈఎం, ఓపెన్ బ్యాక్, క్లోజ్డ్ బ్యాక్: మొదట ఏది కొనాలి?

హెడ్‌ఫోన్ కొందామనుకోగానే అందరూ అడిగేది ఇదే: చెవిలోకి దూర్చుకునే ఐఈఎం (ఇన్-ఇయర్ మానిటర్) కొనాలా, లేక చెవి మీద కూర్చునే పెద్ద హెడ్‌ఫోన్లలో వెనక తెరిచి ఉండే ఓపెన్ బ్యాక్ కొనాలా, మూసి ఉండే క్లోజ్డ్ బ్యాక్ కొనాలా? అడిగిన మరుక్షణం మాట డ్రైవర్ (సౌండ్ పుట్టించే లోపలి చిన్న స్పీకర్) సైజు మీదికో, యాంప్ (సౌండ్ పెంచే పరికరం) మీదికో మళ్లుతుంది. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది సీల్ సంగతి. చెవికీ డ్రైవర్‌కీ మధ్య గాలి లీకవుతోందా లేదా అన్నదాన్ని బట్టే బేస్ ఉంటుంది. 10 మి.మీ. డ్రైవరున్న చవక ఐఈఎం చాలా ఓపెన్ బ్యాక్‌లకన్నా 30 హెర్ట్జ్ లాంటి అట్టడుగు బేస్‌ని నిండుగా వినిపించేది అందుకే.

అదే ఐఈఎం, కొసకు తొడిగే మెత్తటి టిప్ చెవికి కుదరకపోతే రేకుడబ్బాలా మోగుతుంది. "బేస్ అసలు లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావరకు టిప్ తప్పే. పెట్టెలోంచి తీసినప్పుడు ఉన్న మీడియం టిప్‌తోనే వాడేస్తుంటారు. కుడి చెవికి ఒక సైజు, ఎడమ చెవికి ఇంకో సైజు పట్టడం మామూలే. తల మీదుగా అవతలి చెయ్యి పోనిచ్చి చెవిని పైకి, కాస్త వెనక్కి లాగి, ఐఈఎంని కొద్దిగా తిప్పుతూ లోపలికి పెట్టాలి. తర్వాత 40 హెర్ట్జ్ టోన్ తక్కువ వాల్యూమ్‌లో పెట్టి, వేలితో మెల్లగా నొక్కి చూడండి. టోన్ పెరిగిందంటే గాలి పోతున్నట్టే, పై సైజు వేయాలి. పెరగకపోయినా చెవి నొప్పెడుతుంటే ఒక సైజు దిగండి. ఏ సిలికాన్ టిప్పూ కుదరనివాళ్లకు ఫోమ్ ఉంది: సన్నగా నలిపి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకోవాలి. ఫోమ్‌తో ట్రెబుల్ కాస్త తగ్గుతుంది, కొన్ని నెలలకే అరిగిపోతుంది కూడా.

ఒకవైపు సౌండ్ తగ్గితే డ్రైవర్ పోయిందని కంగారుపడక్కర్లేదు, ముందు నాజిల్ (టిప్ తొడిగే సన్న గొట్టం) కొసనున్న జాలీ చూడండి. గులిమి అడ్డుపడి ఉంటుంది. నాజిల్‌ని కిందికి వంచి మెత్తటి బ్రష్‌తో దులపండి. సూది పెడితే జాలీ చిరుగుతుంది.

సీల్ కుదిరితే బయటి చప్పుడు కూడా తగ్గుతుంది, కాబట్టి వాల్యూమ్ పెంచే పని ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు వినొచ్చు. పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమవుతుంది. చప్పుడున్న చోట ఓపెన్ బ్యాక్ పెట్టుకుంటే తెలియకుండానే ఆ హద్దు దాటేస్తాం.

గది నిశ్శబ్దంగా ఉంటే మాత్రం ఓపెన్ బ్యాక్‌కి సాటి లేదు. పాట తల లోపల కాకుండా చుట్టూ వినిపిస్తుంది, చెవిలో ఏదో దూర్చుకున్న ఇబ్బందీ ఉండదు. లోపం అట్టడుగు బేస్. ఈక్యూ (ఈక్వలైజర్) యాప్‌లో 100 హెర్ట్జ్ దగ్గర లో షెల్ఫ్, అంటే ఆ కింది బేస్ మొత్తాన్నీ పెంచే ఫిల్టర్, 5 డెసిబెల్స్ పెంచి, ప్రీయాంప్‌ని (అందులోనే ఉండే మొత్తం సౌండ్ మట్టాన్ని) మైనస్ 6 డెసిబెల్స్‌కి దించండి; దించకపోతే క్లిప్పింగ్ వచ్చి పాట చిట్లుతుంది. అంతకు మించి పెంచితే డ్రైవరే మొరాయిస్తుంది. 1997 నాటి సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఇప్పటికీ నిలబడిందంటే ఒక కారణం, ప్యాడ్లు, కేబుల్ విడిగా మార్చుకోగలగడం. ప్యాడ్లు అణిగాక డ్రైవర్ చెవికి దగ్గరై సౌండ్ మారుతుంది, కొత్తవి వేస్తే మళ్లీ దారికొస్తుంది. అది 300 ఓముల హెడ్‌ఫోన్, అంటే గట్టిగా మోగాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. ఫోన్‌కి తగిలించే చిన్న అడాప్టర్‌తో (డాంగిల్) మోగుతుంది కానీ, మెల్లగా రికార్డు చేసిన కచేరీలకు వాల్యూమ్ చాలకపోవచ్చు.

ఒక్కటే కొనేట్టయితే ఐఈఎం, దాంతోపాటు రెండు మూడు రకాల టిప్స్. ఓపెన్ బ్యాక్ రెండోది.

ప్రయాణాల్లో రొద తగ్గడమే ముఖ్యమైతే నాయిస్ క్యాన్సిలింగ్ బ్లూటూత్ తీసుకోండి, బ్యాటరీ ఉన్నన్నాళ్లే దాని ఆయుష్షని తెలిసి మరీ. క్లోజ్డ్ బ్యాక్, మైకు ముందు పాడేవాళ్లకు తప్పదు, హెడ్‌ఫోన్ సౌండ్ మైకులోకి లీకవకూడదు కాబట్టి. మిగతావాళ్లకు దాంతో చిక్కు కళ్లజోడు: కాడ దగ్గర ప్యాడ్ కొంచెం లేచినా బేస్ జారిపోతుంది. కొనేముందు జోడు పెట్టుకుని ఒకసారి, తీసి ఒకసారి అదే పాట వినండి.