పక్‌పీడియా: వయసు మీరిన స్టార్‌ను ఎప్పుడు వదలాలో తేల్చుకోవడానికి ఎంత పనికొస్తుంది?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ పోటీ అయిన నేషనల్ హాకీ లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) జీతాల లెక్కలకు ఒకప్పుడు అందరూ క్యాప్‌ఫ్రెండ్లీనే చూసేవాళ్లు. 2024లో వాషింగ్టన్ క్యాపిటల్స్ జట్టు ఆ సైట్‌ను కొనేసి జనానికి మూసేసింది. ఆ తర్వాత అభిమానులు ఎక్కువగా మళ్లింది అలాంటిదే అయిన పక్‌పీడియా సైట్ వైపు. ముప్పై దాటిన ఆటగాణ్ని ఉంచుకోవాలా, ట్రేడ్ చేయాలా (వేరే జట్టుకు ఇచ్చి బదులు తీసుకోవాలా) అన్న ఒక్క ప్రశ్న పట్టుకుని చేసిన సమీక్ష ఇది.

ఆటగాడి పేజీ తెరవగానే కళ్లు క్యాప్ హిట్ మీదకు, అంటే జట్టు జీతాల పరిమితి (క్యాప్)లో అతను తినే వాటా మీదకు పోతాయి. అది తర్వాత. ముందు చూడాల్సింది కాంట్రాక్టులోని క్లాజులు (షరతులు). ఎన్‌ఎంసీ (నో-మూవ్ క్లాజు) ఉంటే ఆటగాడు ఒప్పుకోనిదే ట్రేడ్ చేయలేరు, వేవర్స్‌లో (మిగతా జట్లు ఎవరైనా తీసుకోగలిగేలా వదిలే జాబితాలో) పెట్టలేరు, మైనర్ లీగ్‌కు పంపలేరు. పెద్ద కాంట్రాక్టుల్లో చాలావాటికి ఇది చివరి ఏళ్లలో సడలి, పరిమిత ఎన్‌టీసీగా (నో-ట్రేడ్ క్లాజుగా) మారుతుంది. ఏ ఏడాది మారుతుందో పక్‌పీడియా విడివిడిగా చూపిస్తుంది. సైట్ మొత్తంలో అన్నిటికన్నా విలువైన సమాచారం ఇదే. అమ్మే జట్టుకు చేతులు కాస్త విడివడేది ఆ మార్పు జరిగే జులై 1న.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పది జట్ల నో-ట్రేడ్ లిస్ట్ అంటే ఆ పదింటికి పంపకూడదు, మిగిలిన 21 జట్లతో బేరమాడొచ్చు. పది జట్ల ట్రేడ్ లిస్ట్ అంటే ఆ పదింటికే పంపాలి. తొందరలో చదివితే ఒకటి మరొకటిగా కనిపిస్తుంది.

క్లాజు ధరను ఎంత తినేస్తుందో 2023 ఫిబ్రవరిలో చూశాం. షికాగో స్టార్ ప్యాట్రిక్ కేన్‌కు పూర్తి ఎన్‌ఎంసీ ఉంది, న్యూయార్క్ రేంజర్స్‌కే వెళ్తానన్నాడు. షికాగోకు ప్రధానంగా దక్కింది షరతులతో కూడిన ఒక రెండో రౌండ్ పిక్ (డ్రాఫ్ట్‌లో కొత్త కుర్రాణ్ని ఎంచుకునే వంతు), ఒక నాలుగో రౌండ్ పిక్. అదే నెలలో సెయింట్ లూయిస్ జట్టు ర్యాన్ ఓరైలీని, నోయెల్ అచియారీని కలిపి టొరంటోకు ఇచ్చి మొదటి, రెండో, మూడో రౌండ్ పిక్‌లు రాబట్టింది. 2013లో క్యాల్గరీ కూడా జరోమ్ ఇగిన్లాను కాంట్రాక్టు ఆఖరి నెలల దాకా అట్టిపెట్టుకుంది. తీరా అతను పిట్స్‌బర్గ్‌ను ఎంచుకున్నాక వచ్చింది ఒక మొదటి రౌండ్ పిక్, ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు. అందుకే ఆఖరి ఏడాది మొదలయ్యేలోపు, కనీసం రెండు జట్లు పోటీ పడేటప్పుడే అమ్మాలన్నది మా పట్టుదల.

జట్టు పేజీలో జీతం రిటెన్షన్ (ఆటగాణ్ని ఇచ్చేశాక కూడా అతని జీతంలో కొంత తామే భరించడం) స్లాట్‌లు చూడాలి. ఒక జట్టు ఒకేసారి మూడు కాంట్రాక్టుల జీతం మాత్రమే నిలుపుకోగలదు, అదీ ఒక్కోదానిలో సగం మించకుండా. కేన్ 10.5 మిలియన్ డాలర్ల క్యాప్ హిట్‌లో షికాగో సగం, మధ్యలో దూరిన అరిజోనా పావు భరించాయి కాబట్టే రేంజర్స్‌కు 2.625 మిలియన్లతో పోయింది. 2025-26 నుంచి ఒకే కాంట్రాక్టు మీద రెండు రిటెన్షన్‌ల మధ్య 75 రెగ్యులర్ సీజన్ రోజులు గడవాలి. ట్రేడ్‌లకు ఆఖరిదైన డెడ్‌లైన్ రోజున మూడో జట్టును లాగే కిటుకు ఇక చెల్లదు. ఖరీదైన వెటరన్‌ను మార్చి దాకా ఆపితే కొనేవాడు కనీసం సగం మింగాల్సిందే.

డెడ్‌లైన్ క్యాప్ స్పేస్ అంకె కూడా చూడండి. క్యాప్ రోజువారీ లెక్క కనుక, సుమారు 190 రోజుల సీజన్‌లో 40 రోజులు మిగిలినప్పుడు, మొదటినుంచి ఖాళీగా ఉంచిన ఒక మిలియన్‌తో దాదాపు 4.75 మిలియన్ల క్యాప్ హిట్ ఉన్నవాణ్ని తెచ్చుకోవచ్చు. మీ ఆటగాణ్ని ఏ జట్లు భరించగలవో దీన్నిబట్టే తెలిసిపోతుంది.

బైఅవుట్ (డబ్బిచ్చి కాంట్రాక్టును ముందే తెంచుకోవడం) క్యాలిక్యులేటర్ బాగుంది. 26 ఏళ్లు, ఆపై వయసున్నవాళ్లకు మిగిలిన జీతంలో మూడింట రెండు వంతులు, మిగిలిన ఏళ్లకు రెట్టింపు కాలంలో చెల్లించాలి. ఏటా 6 మిలియన్ల చొప్పున రెండేళ్లు మిగిలితే నాలుగేళ్లు 2 మిలియన్ల భారం. అదే 6లో 5 సైనింగ్ బోనస్ అయితే బోనస్‌ను తగ్గించలేరు, మొదటి రెండేళ్లు 5.33 మిలియన్లు క్యాప్ మీద అలాగే కూర్చుంటాయి. ఇలాంటి కాంట్రాక్టు ఉన్నవాణ్ని జులైలో బోనస్ చెల్లించేశాక, చేతి డబ్బు తక్కువున్న జట్టుకు అమ్మడం సులువు. క్యాప్ హిట్ పెద్దదైనా వాళ్లు చెల్లించే నగదు చిన్నది.

ఇక ఇది చెప్పనిదేమిటి? ఆటగాడి కాళ్ల సంగతి. కేన్‌కు ట్రేడ్ జరిగిన 2023 వేసవిలోనే తుంటి శస్త్రచికిత్స జరిగింది. కాంట్రాక్టు పేజీలో అలాంటివి కనబడవు. లీగ్ సొంత గణాంకాల సైట్ ఎన్‌హెచ్‌ఎల్ ఎడ్జ్‌లో గంటకు 20 మైళ్లు దాటిన స్కేటింగ్ పరుగులు ఏడాదికేడాది తగ్గుతున్నాయేమో, న్యాచురల్ స్టాట్ ట్రిక్ అనే గణాంకాల సైట్‌లో ఐదుగురు-ఐదుగురు ఆడే సమయంలో పాయింట్లు పడిపోతున్నాయేమో విడిగా చూడాలి. పవర్ ప్లే (పెనాల్టీ వల్ల అవతలి జట్టుకు ఆటగాళ్లు తగ్గిన సమయం) పాయింట్లు తీసేసి చూస్తే చాలామంది వెటరన్ల అసలు రంగు బయటపడుతుంది.

సైట్‌లోని ట్రేడ్ కట్టే పరికరం పక్‌జీఎం సరదాగానే ఉంటుంది. కానీ క్యాప్‌లో సరిపోయినంత మాత్రాన ఎన్‌ఎంసీ ఉన్నవాడు సంతకం పెడతాడని అనుకోకండి. ట్రేడ్ కట్టే ముందు మళ్లీ ఒకసారి క్లాజు పేజీ తెరవండి.